సండూరు మోకాలు, సిరుగుప్ప పంతం

2022లో నా క్లినిక్ బళ్ళారిలో సిరుగుప్పకు పోయే రోడ్డు మీద, ఒక టైర్ల కొట్టు పైన ఉండేది. నేను ఫిజియోథెరపిస్టుని. మోకాళ్ళ నొప్పులవాళ్ళు మెట్లెక్కి రావాలి. వచ్చిన ప్రతివాళ్ళూ ముందు ఆ మెట్లను తిట్టి, తర్వాత నన్ను తిట్టి, ఆ తర్వాత మోకాలు చూపించేవాళ్ళు. దానికి నేను అలవాటు పడ్డాను. అలవాటు పడలేకపోయింది ఫుట్‌బాల్ వాళ్ళకి.

ఒకప్పుడు జిల్లాకంతా ఒకటే జట్టు. సండూరు గనుల లారీల యజమానులూ, సిరుగుప్ప రైస్ మిల్లుల వాళ్ళూ కలిసి, ఆటగాళ్ళకు జీతాలిచ్చి నడిపేవాళ్ళు. రాష్ట్ర లీగులో ఒక ఫైనల్లో పెనాల్టీ వచ్చింది. అది ఎవరు కొట్టాలన్న దాని మీద మన ఆటగాళ్ళిద్దరు మైదానంలోనే తోసుకున్నారు. చివరికి ఎవరో కొట్టారు. బంతి గోలు పైనుంచి పోయింది. మరుసటి ఏడాదికి రెండు జట్లయ్యాయి. కొట్టినవాడు సిరుగుప్పవాడని సండూరు వాళ్ళు, కాదు సండూరువాడేనని సిరుగుప్ప వాళ్ళు. ఈ కథ రెండు రకాలుగానూ, నా హీటింగ్ ప్యాడ్ కింద పడుకున్న ప్రతి ఒక్కరి నోటా విన్నాను. కొట్టింది ఎవరో నాకు ఇప్పటికీ తెలీదు. తెలుసుకోవాలని కూడా లేదు.

రెండు జట్లకూ దగ్గరగా ఉన్నది నేనే కాబట్టి ఇద్దరూ నా దగ్గరికే వచ్చేవాళ్ళు. ఒకసారి వరండాలో ఒకడు ఇంకొకడి మీదికి ఊతకర్ర ఎత్తాడు. ఆ రోజు నుంచి సండూరు వాళ్ళకు పొద్దున, సిరుగుప్ప వాళ్ళకు సాయంత్రం అని రూలు పెట్టాను.

ఆ ఏడు వానాకాలంలో సండూరు జట్టు ఫార్వర్డ్ గాదిలింగ మోకాలు పోయింది. సిరుగుప్ప మైదానంలో, బంతిని తలతో కొట్టడానికి ఎగిరి దిగేటప్పుడు, చుట్టుపక్కల ఎవరూ లేకుండానే కుడి మోకాలు మెలిపడింది. ఎసిఎల్ తెగింది. మోకాలి లోపల, తొడ ఎముకనూ కాలి ఎముకనూ కట్టిపట్టి ఉంచే తాడులాంటిది అది. బెంగళూరులో ఆపరేషన్ చేయించి, మిగతా పని కోసం నా దగ్గరికి తెచ్చారు. వెంట జట్టు మేనేజర్ తిప్పేస్వామి.

"కావాలనే నీళ్ళు పెట్టినారు మేడమ్ గ్రౌండుకు. వరి మడికి పెట్టినట్ల."

"ఆ రోజు వాన పడింది కదా తిప్పేస్వామీ. ఇక్కడా పడింది."

"వాన గూడా వాళ్ళ పక్కే ఉండాది," అన్నాడు. నవ్వుతున్నాడేమోనని చూశాను. నవ్వడం లేదు.

ఎసిఎల్ రిహాబ్ అంటే మళ్ళీ ఆటకు పంపేదాకా చేయించే సాధన. దాదాపు తొమ్మిది నెలల పని. గాదిలింగ మొండివాడే గాని బద్ధకస్తుడు కాడు. మంచి పేషెంటు. వచ్చిన చిక్కల్లా కరెంటుతో. ఎండాకాలం మొదలవుతూనే సాయంత్రాలు పోయి కూర్చునేది. సిరుగుప్ప జట్టులో డిఫెండర్ శ్రీను తొడ వెనక కండరం పట్టేసి వస్తుండేవాడు. అతనిది కాలవ మీద క్యాంపు, అంటే వలస రైతులు కట్టుకున్న ఊరు. తాతలు గోదావరి వైపునుంచి వరి పండించుకోవడానికి వచ్చినవాళ్ళు. కరెంటు లేకుండా అతనికి మెషీన్ పెట్టలేను. చేసేదిలేక పొద్దునకు మార్చి, మధ్యలో ఒక కర్టెన్ కట్టాను.

ఆ కర్టెన్ రెండు రోజులు పనిచేసింది. మూడో రోజు ఇటువైపునుంచి "పెనాల్టీ కొట్టింది మీవాడే", అటువైపునుంచి "చూసినట్టే చెబుతావేంటయ్యా, అప్పటికి నువ్వు నిక్కర్లేసుకుంటున్నావు" అని మొదలైంది.

"ఇద్దరూ నోరు ముయ్యకపోతే ఇద్దరికీ మెషీన్ ఆపేస్తాను," అని అరిచాను.

గాదిలింగ అప్పుడు వాబుల్ బోర్డు దశలో ఉన్నాడు. అటూ ఇటూ ఊగే పలక మీద ఒంటికాలితో నిలబడితే, చెప్పకుండా ఏదో వైపునుంచి బంతి విసరాలి. మోకాలికి మళ్ళీ తెలివి నేర్పడం అన్నమాట. నా అసిస్టెంటు సరస్వతి బంతిని ప్రసాదం అందించినట్టు విసిరేది. విసుగొచ్చి కర్టెన్ లాగేశాను.

"శ్రీనూ, ఊరికే కూర్చున్నావు కదా, ఆ బంతి విసురు."

"వాడు విసిరితే నేను పట్టను మేడమ్," అన్నాడు గాదిలింగ.

"పట్టకపోతే పడతావు."

పట్టాడు. మర్నాడూ పట్టాడు. నెల తిరిగేసరికి, శ్రీనుకి నా వైద్యం అయిపోయినా సిరుగుప్ప నుంచి బస్సెక్కి బంతి విసరడానికి వస్తున్నాడు. పోట్లాట మాత్రం మానలేదు. నాకు తలనొప్పి తగ్గిందీ లేదు. ఒక రోజు గాదిలింగ వెళ్ళాక శ్రీను మెల్లగా అన్నాడు:

"మేడమ్, ఎడమ పక్కకి తిరగాల్సి వస్తే ముందు నేల చూసుకుంటున్నాడండీ. తర్వాతే తిరుగుతున్నాడు."

నేనూ గమనించాను. ఎడమకు తిరగాలంటే కుడికాలు గట్టిగా ఆనించాలి. ఆ కాలిని అతను ఇంకా నమ్మడం లేదు.

ఇంతలో రెండు జట్ల మ్యాచ్ వచ్చింది, ఆపరేషన్ అయిన ఏడో నెలలో. తిప్పేస్వామి వచ్చి ఫిట్ అని చెప్పమన్నాడు. హాప్ టెస్టు పెట్టాను. ఒంటికాలితో గెంతించి, రెండు కాళ్ళ దూరాలూ పోల్చడం. ఆపరేషన్ అయిన కాలు బాగా వెనకబడింది.

"లేదు. ఇంకా రెండు నెలలు."

"అర్ధగంట ఆడితే సాలు మేడమ్. వాడు గ్రౌండుల కనపడల్ల, అంతే."

"మళ్ళీ తెగితే మీరు కడతారా ఆ తాడు?"

"మీరు ఉండేది సిరుగుప్ప రోడ్డుల గదా. అట్లనే మాట్లాడతారు."

ఇన్నేళ్ళ సర్వీసులో నా వైద్యాన్ని నా అడ్రసు బట్టి కొలిచినవాడు అతనొక్కడే. తలుపు చూపించాను.

అదే వారం సిరుగుప్ప కోచ్ నడుం నొప్పని వచ్చాడు. బల్ల మీద బోర్లా పడుకుని, "గాదిలింగకి ఏ పక్క వీకు మేడమ్?" అన్నాడు.

"లేవండి. మీ నడుం బాగానే ఉంది."

"సుమ్నే, ఊరికే అడిగితిని మేడమ్, యాల కోపం?" అంటూ చొక్కా తొడుక్కున్నాడు. పేషెంటు గుట్టు బయట పెట్టకూడదన్నది మా వృత్తిలో మొదటి పాఠం. నేను చెప్పను సరే, శ్రీను? మర్నాడు అతన్ని అడిగాను.

"అడిగారండీ. నాకు తెలీదన్నాను. నమ్మలేదు. చెప్పకపోతే వచ్చే సీజన్‌కి జట్టులోంచి తీసేస్తాం అన్నారు."

మ్యాచ్ బళ్ళారిలోనే. నేను వెళ్ళకూడదనుకుని వెళ్ళాను. సగం ఆట అయ్యాక గాదిలింగ మోకాలికి పట్టీ కట్టుకుని దిగాడు. ఎవరు ఫిట్ అన్నారో నాకు తెలీదు, నేనైతే కాదు. సండూరు వైపు ఈలలు, టపాకాయలు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

ఇంకాసేపట్లో అయిపోతుందనగా గాదిలింగకి బంతి దొరికింది. ఎదురుగా శ్రీను ఒక్కడే. గాదిలింగ ఎడమకు తిరగబోయాడు. ఒక్క క్షణం నేల చూశాడు. ఆ క్షణంలో కాలు పెడితే బంతీ దొరుకుతుంది, మోకాలూ పోతుంది. శ్రీను కాలు పెట్టలేదు. ఒక అడుగు వెనక్కి వేశాడు. గాదిలింగ తిరిగాడు, కొట్టాడు. గోలు.

సండూరు వాళ్ళు తమ వీరుణ్ణి చూసి శ్రీను భయపడ్డాడన్నారు. సిరుగుప్ప వాళ్ళు అమ్ముడుపోయాడన్నారు. మైదానమంతా చూసింది, ఒక్కరికీ కనపడలేదు.

మర్నాడు పొద్దున వాచిన మోకాలితో గాదిలింగ నా మెట్లెక్కాడు. తాడు తెగలేదు, బతికిపోయాడు. నేను తిట్లు మొదలుపెట్టేలోపే అతను అందుకున్నాడు.

"వాడు నన్ను ఇడిసిపెట్టినాడు మేడమ్. నేను కుంటోణ్ణా? నా మీద జాలి చూపేకి వాడెవడు? నాకు ఆ గోలు వద్దు!"

ఆ రోజు నాకు నిజంగానే ఓపిక అయిపోయింది.

"నీ కాలి మీద నీకే నమ్మకం లేక నేల చూసుకున్నావు. అది వాడు చూశాడు. వాడి ఉద్యోగం పోతుందని తెలిసి కూడా పక్కకి తప్పుకున్నాడు. కోపమొస్తే నన్ను తిట్టు, మీ మేనేజర్ని తిట్టు. వాణ్ణంటే మాత్రం ఈ క్లినిక్ మెట్లెక్కొద్దు."

అతను ఐస్ ప్యాక్ మోకాలి మీద పెట్టబోయి ఆగాడు. "ఉద్యోగమా?" అన్నాడు.

సిరుగుప్ప వాళ్ళు అన్నంత పనీ చేశారు. శ్రీనుని తీసేశారు. గాదిలింగ ఊరుకోలేదు. లోకల్ ఛానెల్ విలేకరి అడిగితే, "ఆ గోలు నాది గాదు. శ్రీను నా మోకాలు కాపాడినాడు. అమ్ముడుపోలేదు," అని చెప్పేశాడు. దాంతో సండూరు వాళ్ళు అతన్నీ తిట్టారు. అన్నేళ్ళలో రెండు ఊళ్ళవాళ్ళూ ఒక్క మాట మీద నిలబడింది అప్పుడే, ఈ ఇద్దరూ దండగ అని. తిప్పేస్వామి నాకు ఫోన్ చేసి, ఇదంతా ఆ బంతి విసిరించడంతోనే వచ్చిందన్నాడు. కాదనలేకపోయాను.

ఆ మాట విన్న బెంగళూరు జట్టొకటి శ్రీనుని పిలిచి తీసుకుంది. గాదిలింగ మిగిలిన సాధన నోరు మూసుకుని పూర్తి చేశాడు. ఈసారి హాప్ టెస్టులో రెండు కాళ్ళూ సమానంగా వచ్చాయి. అయినా ఎడమకు తిరిగేటప్పుడు చూపు కిందికి పోతూనే ఉంది. దానికి నా దగ్గర మెషీన్ లేదు.

తర్వాతి సీజన్‌లో, సండూరుకూ శ్రీను కొత్త జట్టుకూ మ్యాచ్ ఉన్న ఒక ఆదివారం మధ్యాహ్నం భోంచేస్తుంటే గాదిలింగ ఫోన్ చేశాడు. రొప్పుతున్నాడు.

"మేడమ్, శ్రీనుగాడు నన్ను పడేసినాడు మేడమ్! నేను ఎడమకు తిరుగుతాంటే కాలు అడ్డం పెట్టి బంతి పెరుక్కున్నాడు. ఎగిరి పడినా. లేసి మళ్ళా ఉరికినా. ఏం కాలేదు. వాడు రవ్వంత గూడా జాలి చూపలేదు మేడమ్!"

ఆ గొంతులో అంత సంతోషం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. వాళ్ళు ఓడిపోయారట కూడా.

ఆటగాడి మోకాలు బాగైందని తేల్చడానికి టెస్టులు చాలనుకునేదాన్ని. ఇప్పుడు చివరి నెలలో ఒక పని తప్పకుండా చేయిస్తాను. వాళ్ళంటే పడని జట్టువాణ్ణి ఎవరినైనా పిలిపించి, కనికరం లేకుండా ఆడమంటాను. వాళ్ళు వస్తారు, పోట్లాడుకుంటారు, నా తల తింటారు. బంతి మీదికి ఇద్దరూ ఒకేసారి దూకినప్పుడు, కింద నేల వైపు ఎవరూ చూడకపోతే, ఆ రోజుతో నా పని అయిపోయినట్టు.