హందికా, మందికా?

కురుగోడు పొలంలో అడవిపందులు వరి తొక్కేస్తున్నాయి. నా పాత తుపాకీ పేలిస్తే గాడిదలా భుజాన్ని తంతుంది. తక్కువ తన్నేది కొందామని ఈ రోజు మా వియ్యంకుణ్ణి వెంటబెట్టుకుని బ్రూస్‌పేటలో తుపాకుల దుకాణానికి వెళ్లాను. పొలానికీ ఇంటి కాపలాకూ ఒకటే చాలన్నాను.

"హందికా, మందికా అప్పా?" అన్నాడు దుకాణదారు. హంది అంటే కన్నడంలో పంది. "హందికైతే గట్టిది కావల్ల. మందికైతే తన్ననిది చాలు, సద్దుకే పారిపోతారు."

"మీ ఇంటికి దొంగలు యాడొస్తాండారు బావా? పుస్తకాలు తప్ప ఏముండాది?" అని వియ్యంకుడు నవ్వాడు. ఆ పుస్తకాల్లో సగం ఏళ్ల తరబడి ఆయన ఇంట్లోనే ఉన్నాయి. అడిగి అడిగి నా గొంతే పోయింది.

సద్దుకు కదలని మనుషులూ ఉంటారని దుకాణదారుకు చెప్పి, భుజం ఏమైనా కానీ, గట్టిదే తీయమన్నాను. తప్పంటారా?