‘ఇంకా తెలీదు’ అన్న డాక్టరమ్మ

డాక్టర్ ఇందుమతి గారు కన్నుమూశారన్న కబురు కూర్మన్నపాలెం జంక్షన్‌లో బస్సు కోసం నిలబడి ఉండగా ఫోనులో వచ్చింది. పెందుర్తిలో ఇంట్లోనే, పొద్దున కాఫీ తాగుతూ ఉండగా గుండె ఆగిపోయిందట. సరేనన్నాను. బస్సు వస్తే ఎక్కాను, టికెట్టు తీసుకున్నాను, వెళ్ళిన పని పూర్తి చేసుకునే ఇంటికి తిరిగొచ్చాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఇవాళ్టికీ రాలేదు.

ఆవిడ స్త్రీల వైద్యురాలు. నెలలు నిండకుండా జరిగే కాన్పులను తగ్గించాలని జాలరిపేటలో ఆవిడ పనిచేసినంత కాలం ప్రచారం పని నాది. ఆటోకి మైకు కట్టి వీధుల్లో తిప్పితే వినిపించిన గొంతు నాదే.

సంతాప సభలో ఒక పెద్దమనిషి ఆవిడను ‘నెలలు నిండని కాన్పును ఆపే మందు కనిపెట్టిన మహనీయురాలు’ అన్నారు. జాలరిపేట నుంచి సభకు ఎవరూ రాలేదు. అక్కడివాళ్ళు చెప్పుకునేది వేరు: డాక్టరమ్మ మాట విని పొడిని నమ్ముకుంటే బిడ్డ పోయిందని. ఈ రెండు మాటలూ అబద్ధాలే. రెండూ నా నోటి నుంచే పుట్టాయి. సభలో లేచి ఆ సంగతి చెప్పలేకపోయాను. మౌనం పాటించమంటే అందరితోపాటు నిలబడ్డాను. మౌనం నాకు కొత్త కాదు.

ఇందుమతి గారు శ్రీకాకుళం వైపు రైతు కుటుంబంలో పుట్టారు. ఆసుపత్రిలో పుస్తకాల తెలుగు మాట్లాడే మనిషి, జాలరిపేటలో అడుగు పెట్టగానే తన ఊరి యాసలో నాను, ఏటి అనేవారు. పేరు అడగడానికి ముందు ‘ఏటి తిన్నావే’ అని అడిగేవారు. పొద్దుటి నుంచీ చేపలమ్మే ఆడవాళ్ళు నీళ్ళు తాగడం లేదని అలాగే పసిగట్టారు. బజారు పక్కనున్న మరుగుదొడ్డి తలుపుకి గడియ లేదు. అందుకని దాహం చంపుకునేవాళ్ళు. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా ఎవరికీ చెప్పేవాళ్ళు కాదు. నెలలు నిండకుండా నొప్పులు రావడానికి అదీ ఒక కారణం. ఆవిడ వడ్రంగిని వెంటబెట్టుకొచ్చి, గడియ బిగించేదాకా ఎండలో నిలబడ్డారు. ‘పొడి తరవాత రమణా, ముందు గడియ’ అన్నారు నాతో.

ఆ పొడి అరటికాయ పిండి, చోడిపిండి అనే రాగిపిండి, ఇంకొంత పీచుపదార్థం కలిపినది. మజ్జిగలో కలుపుకుని తాగాలి. మన పేగుల్లో మేలు చేసే సూక్ష్మజీవులు ఉంటాయి, వాటికి ఆహారం ఈ పీచు. దాన్నే ప్రీబయాటిక్ అంటారు. అవి బలంగా ఉంటే ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ అనే లోపలి వాపు తగ్గవచ్చు, వాపు తగ్గితే బిడ్డ నెలలు నిండేదాకా కడుపులో నిలిచే అవకాశం పెరగవచ్చు. ఆవిడ ఆశ ఇది. ఆశ అనే అనేవారు, అంతకు మించి ఒక్క మాట అనేవారు కాదు.

మొదటి రోజు ఆడవాళ్ళను అరుగు మీద కూర్చోబెట్టి ఈ సంగతే చెప్పబోయారు. పోలమ్మ అనే చేపలమ్మే ఆమె మధ్యలో అందుకుంది. ‘కడుపులో పురుగులకి మేతెట్టమంటారేటమ్మా? అందరూ సంపడానికి మందిత్తారు గానీ.’

‘పురుగులు కావే. పెరుగుకి తోడేత్తావు కదా, అలాటివి. తోడు నీ కడుపులోనే ఉంది. నాను పాలు పోత్తన్నానంతే’ అన్నారు డాక్టరమ్మ.

‘అయితే మా అత్త కడుపులో తోడు ఎప్పుడో పులిసిపోయింది, నోరు ఇంటే తెలీదేటి’ అంది పోలమ్మ. అత్తగారు పక్కనే ఉంది. అరుగంతా నవ్వింది. అందరికంటే ఎక్కువసేపు నవ్వింది డాక్టరమ్మే. ఆ రోజు నుంచి ఆ పొడి పేరు పేటలో ‘తోడుపాలు’ అయింది.

పై నుంచి అధికారులు వచ్చి పనిచేస్తోందా అని అడిగినప్పుడు ఆవిడ లేచి ‘ఇంకా తెలీదు’ అని చెప్పి కూర్చున్నారు. బయటికొచ్చాక, అలా అంటే ఎలా మేడమ్ అన్నాను. ‘తెలిసినప్పుడు తెలిసిందంటాను’ అన్నారు.

మైకులో చెప్పాల్సింది ఆవిడే పలికి నాచేత రాయించారు. ఇది మందు కాదు, ఆహారం. నొప్పులను ఆపదు. మేలు చేస్తుందేమో చూస్తున్నాం, ఇంకా తెలీదు. నొప్పి వస్తే ఆగకుండా ఆసుపత్రికి రండి. రికార్డు చేసేటప్పుడు నాకది చప్పగా అనిపించింది. తెలీదని మైకులో చెప్తే ఎవరు తాగుతారనుకున్నాను. ‘నెలలు నిండని కాన్పును ఆపే తోడుపాలు’ అని గట్టిగా చదివాను. మిగతా మాటలు తీసేశాను. ఆవిడ ఆసుపత్రిలో ఉండే పూటల్లోనే ఆటో తిరిగేది, ఆవిడ చెవిన పడలేదు. పేటలో అందరూ తాగడం మొదలుపెట్టారు. నేను సంతోషించాను కూడా.

పోలమ్మ కూతురు రత్నానికి ఎనిమిదో నెలలో నొప్పులు వచ్చాయి. ఇంట్లోవాళ్ళు మజ్జిగలో పొడి ఎక్కువగా కలిపి తాగించి, ఆగుతాయని కూర్చున్నారు. ఆసుపత్రికి చేరేసరికి చాలా ఆలస్యమైంది. బిడ్డ పుట్టి, ఆ పూటే పోయింది. వెంటనే తీసుకొచ్చి ఉంటే దక్కేదని అక్కడి డాక్టర్లు అన్నారు.

డాక్టరమ్మ వెళితే ‘నీ మైకే సెప్పింది కదమ్మా’ అంది పోలమ్మ. పక్కనే ఉన్న నా వైపు డాక్టరమ్మ తిరగలేదు. ‘నాదే తప్పు పోలమ్మా’ అన్నారు. తిరిగొస్తూ దారిలో ఒక్కటే అడిగారు: ‘ఆ మాటలు ఎందుకు తీసేశావు రమణా?’ నేను జవాబు చెప్పలేదు. ఆవిడ మళ్ళీ అడగలేదు. పని ఆగిపోయింది. పై నుంచి విచారణకు వచ్చినా, పేపర్లలో వచ్చినా, నా పేరు ఆవిడ నోట రాలేదు. రానివ్వకపోవడం నాకు సుఖంగానే ఉండింది. ఆ తర్వాత కూడా ఆవిడ జాలరిపేట వెళ్ళడం మానలేదు. గడియ ఉందో ఊడిందో చూసి వచ్చేవారు.

ఆసుపత్రిలో ఆవిడ కుర్చీలోకి మరొకరు వస్తారు. బాగా చదివినవాళ్ళే వస్తారు. కానీ నలుగురి ముందు తెలీదని అంత నిబ్బరంగా అనగల మనిషి, తనది కాని తప్పును అంత నెమ్మదిగా భుజాన వేసుకోగల మనిషి, ఈ ఊరికి మళ్ళీ దొరుకుతుందని నేను అనుకోను. సభలో ‘మందు’ అన్న మాట మళ్ళీ వినేసరికి, ఎవరో ఒకరు దాన్ని నమ్మి నొప్పులతో ఇంట్లో కూర్చుంటారని భయం వేసింది. మర్నాడు జాలరిపేట వెళ్ళాను.

పోలమ్మ ఇంటి ముందు చేపలు ఎండబెడుతోంది. నేను ఒక్క మాట అన్నానో లేదో, తల ఎత్తకుండానే ‘మైకులో గొంతు నీదే కదేటి’ అంది. ఔనన్నాను. జరిగిందంతా చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు. చేపలన్నీ పరిచాక లేచింది.

‘ఆయమ్మ ఈదిలోకొత్తే నాను తలుపేసేసేదాన్ని. గడియ సూసుకుని ఎలిపోయేది. బతికున్నప్పుడు నువ్వు సెప్పుంటే ఒక్క మాటైనా ఆడుందును కదా బాబూ.’

ఆమె గుమ్మం వైపు చెయ్యి చూపించింది.

‘మా రత్నం మళ్ళీ నీళ్ళోసుకుంది. ఆయమ్మ సెప్పమన్నదేటో ఇప్పుడు సెప్పు. ఏటీ తియ్యకుండా సెప్పు.’

చెప్పాను. మందు కాదు, ఆహారం, నొప్పులను ఆపదు, అని మొత్తం చెప్పాను. లోపల చీకట్లోంచి రత్నం గొంతు వచ్చింది. ‘మరి మేలు సేత్తాదా, సెయ్యదా?’

ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన మనిషి లేరు. అందుకని నేనే అన్నాను.

‘ఇంకా తెలీదమ్మా. నొప్పొస్తే మాత్రం ఆగకు.’