తల్లిని సాకినవాడికే పిల్ల

ఈ వేసవిలో, సరిగ్గా ఎండలు ముదిరే వేళకు, మా చిన్నకొడుకు బెంగళూరు నుంచి సెయింట్ బెర్నార్డ్ కుక్కపిల్లను తెచ్చాడు. మంచుకొండల్లో తిరగాల్సిన జాతి, ఒంటినిండా దుప్పటంత బొచ్చు! దాన్ని తెచ్చి, ట్యాంకరు వస్తే బిందెలతో పరుగెత్తే మా అనంతపురం వీధిలో, రెండో అంతస్తులో పెట్టాడు. నాలుగు నెలల వయసుకే మేకపోతంత ఉంది. మధ్యాహ్నమంతా స్నానాలగదిలో తడి గచ్చు మీద పడి రొప్పుతుంటుంది, లేవబోతే నున్నటి టైల్స్ మీద వెనకకాళ్లు జారిపోతాయి. పశువుల డాక్టరు చూసి, ఎముకలింకా ముదరలేదు, మెట్లెక్కించొద్దు, ఎండ తగలనివ్వొద్దు, ఈ వేసవి గట్టెక్కితే చూద్దామన్నాడు.

"ఏం కాదులే నాయనా, కూలర్ పెట్టినాం కదా" అంటాడు మావాడు. మరి కరెంటు పోతేనో? నాకైతే ఒళ్లు మండిపోయింది.

మడకశిర దగ్గర మా పల్లెలో, నాకు పదేళ్లప్పుడు, మా గొర్రెలదొడ్డి మీద తోడేళ్లు పడి రెండు గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోయాయి. పెద్ద కుక్క లేనిదే మంద నిలవదని నాయన నన్ను వెంటబెట్టుకుని, పొలిమేర అవతల కన్నడ ఊళ్లో ఉండే ఒక ముసలి కాపరి దగ్గరికి వెళ్లాడు. ఆయన కుక్కలు నా ఛాతీదాకా వచ్చేవి. అడిగినవాడికల్లా పిల్లనిచ్చే మనిషి కాడాయన. పాలు మరిచిన పిల్లల్ని తన దగ్గరే ఉంచుకుని, ముందు వాటి తల్లిని మన వెంట పంపుతాడు, దాన్ని నెలరోజులు సాకి చూపించాలి.

"ఈ పిల్ల రేపు ఇంతవుతాది. అంత సంగటి మీ ఇంట్లో మిగుల్తాదా? జబ్బు చేస్తే ఎత్తుకొని యాడికి పోతావప్పా?" అని నాయనను నిలదీశాడు.

ఆ ఏడు చినుకు లేదు. ఆ తల్లికుక్క ఇద్దరు మనుషుల తిండి తినేది, అమ్మ సణుగుతూనే పెట్టేది, అవ్వ తన ముద్దలో సగం తుంచి వేసేది, నేను బావినుంచి దానికోసమే వేరే కడవ మోసేవాణ్ణి. ఇంకా రాని పిల్లకు పేరు కూడా పెట్టేసుకున్నాను. నెల నిండాక ముసలాయన వచ్చాడు, మంచినీళ్లయినా తాగకుండా దాని డొక్కల మీద అరచేత్తో తడిమి చూశాడు. మేమెంత పెట్టినా చాలక పక్కటెముకలు తేలి ఉన్నాయి.

"ఏమప్పా, తల్లినే సాకలేకపోతివి, పిల్లనేం సాకుతావు? వానలు పడనీ, అప్పుడు రా" అని దాన్ని తోలుకుపోయాడు.

నేను మట్టిలో పడి దొర్లి ఏడ్చాను, వాడి నోట మన్నుపడ అని తిట్టాను. నాయన మాత్రం "దాని కడుపు మాడ్చి మన గొర్రెల్ని కాపాడుకుంటామా?" అని కర్ర పట్టుకుని దొడ్డికి తానే కాపలా కూర్చున్నాడు.

మరి ఇప్పుడో! మావాడు చూసింది ఫోన్లో ఫోటో. దీని తల్లి ఎంతుంటుందో, ఏ రోగముందో, అసలుందో లేదో తెలియదు. అమ్మినవాడు మీ ఇంట్లో నీడుందా, నీళ్లున్నాయా అని మాటవరసకైనా అడగలేదట. బట్టలకొట్లో చీర అమ్మే మనిషైనా ఎవరికని అడుగుతాడు కదా, ఛీ!

ఊరందరినీ తిట్టడమెందుకు, దీన్ని తేవడానికి నెల ముందే మావాడు నాతో చెప్పాడు. వాడి ఇంట్లో తింటూ వాడికి అడ్డు చెప్పి చెడ్డవాణ్ణి కావడమెందుకని, 'నీ ఇష్టంరా' అని ఊరుకున్నాను. ఆ ముసలాయన పరాయివాడై ఉండి మా నాయన ముఖం మీదే కాదన్నాడు, కన్నతండ్రినై ఉండి నేను అనలేకపోయాను. కాదని చెప్పే పెద్దలు కరువైన కాలమని వాపోయే మా వయసువాళ్లం, ఆ పెద్దలం మేమేనని మరిచిపోయాం.

ఇప్పుడు పొద్దు నడినెత్తికి రాగానే తడిగుడ్డ పట్టుకుని దాని పక్కన కూర్చుంటున్నాను. నన్ను చూడగానే, లేవలేకపోయినా, తోక ఊపుతుంది.