మేనమామకు మొదటి పిలుపు

సూర్యాపేటలో ఏ ఇంట పెళ్లి కుదిరినా చుట్టాల చిరునామాలు రాసేది సాంబయ్య పంతులే. ఊరి పేరొక్కటి చెప్తే ఆయనకు చాలదు. గల్లీ ఏది, ఎవరి ఇంటి పక్కన అన్నది తేలేదాకా కలం సిరాలో ముంచడు. రజాకార్ల భయానికి సగం మంది నిజాం సరిహద్దు దాటిపోయిన ఆ ఏడు కూడా ఆ అలవాటు మారలేదు. బుచ్చమ్మ బిడ్డ పెళ్లికి మొదటి శుభలేఖ మేనమామ ముత్తయ్యకు పోవాలి. సంఘంలో తిరిగాడని పోలీసులు వెతుకుతున్న మనిషి. "నా తమ్ముడు రాకుంటే పిల్లను గంపల ఎవరు తెస్తరు, పంతులూ?" అని ఆమె చెవిలో చోటు చెప్పింది. జగ్గయ్యపేట, గానుగ వెనక మూడో ఇల్లు అని ఆయన శుభలేఖ మీదా, జాబితాలో మొదటి పేరు పక్కనా గుండ్రంగా రాశాడు.

మధ్యాహ్నం బుచ్చమ్మ ఇంటి ముందు పందిరి చూసి పోలీసు అమీను లోపలికొచ్చాడు. మూలలకు పూసిన పసుపు ఆరని శుభలేఖ ఒకటి తిప్పి చూసి, అదే వేలిని జాబితా మీద కిందిదాకా నడిపి, మళ్లీ పైకి తెచ్చి ఆపాడు. "మంచిగ రాసినవ్ పంతులూ, ఇల్లు సుత రాసినవ్" అని బుచ్చమ్మ వైపు తిరిగాడు. "గంప ఎత్తనీకి తమ్ముడొస్తడు గద, అక్కా? అయితే నేను సుత వస్త."

అతను వెళ్లాక పంతులు కాగితం మడవలేదు. మొదటి పేరు మీద పసుపు వేలిముద్ర తడిగా ఉంది. ముత్తయ్యకు పొద్దున టపాలో వేసిన శుభలేఖ ఈపాటికి కోదాడ దాటి ఉంటుంది.