కావలి ఒబేద్ వేసిన రెండు చుట్లు

ఏభై ఏళ్లు వచ్చేసరికి ఒబేద్‌కి తన గురించి ఒక సంగతి రూఢిగా తెలిసిపోయింది. తను చెయ్యి పెట్టిన పని ఏదీ మూడో ఏడు చూడదు. ముందు సముద్రంలో నాచు పెంచాడు. తాళ్లు కట్టి, ఖాళీ సీసాలు తేలగట్టి, మొలకలు గుచ్చాక, తాబేళ్లు వచ్చి పెళ్లి బంతికి కూర్చున్నట్టు ఈ చివర మొదలుపెట్టి ఆ చివరిదాకా తినేసి పోయాయి. తర్వాత అంబోన్ పట్నం వెళ్లి రిక్షా తొక్కాడు. ఆ పట్నానికి అన్ని ఎత్తులున్నాయని తొక్కడం మొదలుపెట్టాకే తెలిసింది. తిరిగొచ్చి ఇంటి ముందు గదికి నీలం రంగు వేసి, "అతిథులకు స్వాగతం" అని బల్ల మీద రాసి వేలాడదీశాడు. రెండేళ్లలో దిగిన అతిథి ఒక్కడే. జనాభా లెక్కలకొచ్చి పడవ తప్పిపోయిన గుమాస్తా. దోమలు కుడుతున్నాయని వాడు కూడా అర్ధరాత్రే లేచి రేవులో పడుకున్నాడు.

ఈ కథలన్నీ ఊళ్లో చెప్పి తిరిగింది ఎవరో గిట్టనివాళ్లు కాదు, ఒబేదే. పక్కవాడు నవ్వకముందే తను నవ్వేస్తే దెబ్బ తక్కువ తగులుతుందని చిన్నప్పుడే కనిపెట్టాడు. సాయంత్రం తాటిసారా దగ్గర కూర్చుంటే, "ఒబేదన్నా, తాబేళ్ల కథ చెప్పవా" అని కుర్రాళ్లు అడిగేవాళ్లు. "ఏం చెయ్యాలో చెప్పేవాళ్లు ఊరినిండా ఉన్నార్రా. ఏం చెయ్యకూడదో నేర్చుకోవాలంటే నా దగ్గరికే రావాలి," అనేవాడు. ఆ కుర్రాళ్లలో సగం మంది తర్వాత హల్మహేరా దీవి గనులకి పోయారు. మిగిలినవాళ్లు పడవ టిక్కెట్టు కోసం చూస్తున్నారు. మా వాయ్‌లేలా ఊళ్లో భవిష్యత్తు అంటే ఎప్పుడూ ఇంకో దీవిలోనే ఉంటుంది.

అలాంటి ఒబేద్‌కి సముద్రం కావలి పదవి దక్కింది. దక్కిందంటే గొప్పగా ఉంటుంది గానీ, తీసుకునేవాడు లేక వచ్చి పడింది. ముప్పై ఏళ్లు కావలి కాసిన వాళ్ల మేనమామ మంచాన పడి, ఆ వంశంలో ఊళ్లో మిగిలిన మగవాడు వీడొక్కడే కావడంతో, పిలిచి చెప్పాడు. "ఒరే, పడవలోంచి చర్చి గంటగోపురాన్ని వెనక కొండ గండిలో కూర్చోబెట్టి చూడు. అది తూర్పు హద్దు. అదే గోపురాన్ని కొండ మీది నల్లరాతి కొమ్ము పక్కన నిలబెట్టి చూడు. అది పడమటి హద్దు. మా తాత చెప్పిన గుర్తులివి, మార్చకు." చెప్పి, మూడో రోజున పోయాడు.

ఊరు సాసి వేసిందంటే ఆ రెండు హద్దుల మధ్య సముద్రానికి తాళం పడినట్టే. బొత్తాలు చెయ్యడానికి అమ్ముడుపోయే లోలా గుల్లలు అక్కడి బండల మీద పెరగాలి. రెండేళ్లు వాటి జోలికి ఎవరూ పోకూడదు. గడువు తీరాక శంఖం ఊది, ఊరంతా ఒకేసారి నీళ్లలోకి దిగుతారు. ఈలోగా ఎవరైనా తీశారో, తీసిన గుల్లల్నే దండ గుచ్చి మెడలో వేస్తారు. డప్పు చేతికిస్తారు. ఆ మనిషి డప్పు కొట్టుకుంటూ తన తప్పు తనే అరిచి చెబుతూ ఊరంతా ఒక చుట్టు తిరగాలి. వెనకాల కావలివాడు నడవాలి.

ఒబేద్ పడవ మీద నిలబడి, ఒక కన్ను మూసి, గోపురాన్ని గండిలో పెట్టి, నల్లరాతి పక్కన పెట్టి, రెండు హద్దులూ పట్టాడు. లేత కొబ్బరాకులు కట్టిన గుంజలు దింపాడు. ఆ రోజు భార్య నేలి అతని చొక్కా ఇస్త్రీ చేసింది. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఆవిడ అతని చొక్కా ఇస్త్రీ చెయ్యడం అదే మొదలు. మూడో ఏడు చూడని చేతుల్లో ఈ పని రెండేళ్లదే కాబట్టి, ఈసారి గండం గడుస్తుందని ఒబేద్ లెక్క వేసుకున్నాడు.

ఎనిమిదో నెలలో యొసీనా దొరికింది.

యొసీనా అరవై దాటిన మనిషి. భర్త మార్కుస్ మా ఊళ్లో పేరున్న ఈతగాడు, నలభై ఏళ్లు ఊపిరి బిగబట్టి మునిగి గుల్లలు తీసి, నీటి బరువుకి చెవులు మందగించినవాడు. మూడేళ్లుగా ఒక పక్క పడిపోయి మంచంలోనే ఉన్నాడు. ఆయనకి గుల్లల్లోని కండతో పులుసు కాచి పెడదామని ఆవిడ పోటు తగ్గినప్పుడు నడుచుకుంటూ వెళ్లి ఎనిమిది లోలాలు తీసింది. తూర్పు గుంజకి ఇవతల, ఒబేద్ కళ్ల ముందే.

"ఇది బయటి బండ ఒబేదూ," అంది. "దీని మీద గిన్నెలాంటి గుంట ఉంది చూడు. నేను పెళ్లై వచ్చినప్పట్నుంచి ఇక్కడే తీస్తన్నా. నా కాళ్లకి తెలీదా?"

"హద్దు చూడ్డానికి కాళ్లు కాదొదినా, కళ్లు కావాలి," అన్నాడు ఒబేద్. అని, ఇస్త్రీ చొక్కా సర్దుకున్నాడు.

ఆవిడ తీసిన ఎనిమిది గుల్లలూ అతని ముందు పోసింది. మెడలో దండ వేయించుకుంది, డప్పు కొట్టింది, తిరిగింది. గుల్లలు గుండెల మీద ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తుంటే, "యొసీనా సాసి తప్పింది" అని తన పేరు తనే చెప్పుకుంటూ నలభై గడపలూ దాటింది. ఎవరూ నవ్వలేదు. వాకిళ్లలో ఉన్నవాళ్లు తలలు దించుకున్నారు. అప్పుడు వెనకాల నడుస్తున్న ఒబేద్‌కి మాత్రం కడుపులో ఏదో వెచ్చగా అనిపించింది. ఆ వెచ్చదనం పేరు గౌరవం అనుకున్నాడు. తర్వాత రెండు నెలలకి మార్కుస్ పోయాడు.

ఇక సాసి తియ్యడానికి వారం ఉందనగా చర్చి వందేళ్ల పండగ వచ్చింది. పాదిరి గారు ఎక్కడో దొరికిన పాత ఫొటో పెద్దది చేయించి బలిపీఠం పక్కన పెట్టించారు. ప్రసంగం సాగుతోంది. ఒబేద్‌కి ప్రసంగాలంటే నిద్ర. నిద్ర ఆపుకోవడానికి ఫొటోని చూస్తూ కూర్చున్నాడు. ఫొటోలో చర్చి ఉంది. చర్చికి ఎడమ పక్కన గంటగోపురం ఉంది.

ఎడమ పక్కన.

సాసి వేసే ముందు ఏడు వచ్చిన భూకంపంలో ఆ గోపురం కూలింది. కొత్తది కట్టినప్పుడు, పాత పునాది పగిలిందని, కుడి పక్కన, ఇరవై అడుగులు తూర్పుకి జరిపి కట్టారు. ఇటుకలు మోసినవాళ్లలో ఒబేద్ కూడా ఉన్నాడు. కొత్త గోపురం లేచాక వేసిన మొదటి సాసి ఇదే. అంటే గోపురం ఎక్కడుందో ఒబేద్ భుజాలకి తెలుసు, గుర్తులు పట్టిన కంటికే తెలీలేదు. వెనక కొండ కదలకుండా గోపురం ఒక్కటే ఇరవై అడుగులు జరిగితే సముద్రంలో గుర్తు నలభై అడుగులు జరుగుతుంది. ఊరు వేసిన తాళం తాతల చోటు వదిలి, గోపురంతో పాటు తూర్పుకి నడిచి వెళ్లింది. తూర్పున యొసీనా నిలబడ్డ బండ నిజంగానే బయటిది. పడమట, "ఇది బయటే కదా" అని రెండేళ్లుగా ప్రతి ఆదివారం ఒబేద్ తన పళ్లేనికి తీసుకున్న లోలాలన్నీ లోపలివి.

పాదిరి గారు ఆమెన్ అన్నారు. ఒబేద్ అందరికంటే గట్టిగా అన్నాడు. ఎందుకన్నాడో తెలీదు.

ఇంటికొచ్చి నేలికి చెప్పాడు. ఆవిడ సాగో చెట్టు పిండితో గంజి కలుపుతున్నదల్లా గరిట ఆపింది.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"మరి నోరు మూసుకో. వారంలో సాసి తీస్తారు, గుంజలు పీకేస్తారు. ఆ తర్వాత హద్దెక్కడుందో ఎవడు చూడొచ్చాడు? జీవితంలో ఒక్కటంటే ఒక్క పని ఒడ్డుకి చేరబోతంది. దాన్ని కూడా ముంచుకుంటావా?"

"యొసీనా వదిన..."

"ఆవిడ సంగతి అయిపోయిందిగా. గుల్లలు నువ్వొక్కడివే తిన్నావా? నేనూ తిన్నా. నీతో పాటు నేనూ తిరగాలా ఏంటి?"

ఆవిడ మాటల్లో న్యాయం లేకపోలేదు. ఒబేద్ ఆలోచించాడు. నాచు పోయింది, రిక్షా పోయింది, అతిథుల గది దోమల పాలైంది. ఈ కావలి ఒక్కటి నిలిస్తే, తను పోయాక శిలువ మీద పేరు కింద రాయడానికి ఒక ముక్క ఉంటుంది. చెబితే, తాబేళ్ల కథకి ఇంకో కథ తోడవుతుంది, అంతే. రెండు రోజులు ఇలాగే తనతో తను వాదించుకున్నాడు. ఆ రెండు రోజులూ పోటు తగ్గినప్పుడల్లా వెళ్లి ఆ గిన్నె గుంట బండని చూసొచ్చాడు. బండ అక్కడే ఉంది. బండలకి జరగడం తెలీదు.

మూడో రోజు పొద్దున ఊరి రాజుగారి దగ్గరికి వెళ్లాడు. రాజంటే మా ఊరి పెద్దే, ఆయన రాజ్యంలో రెండు మేకలూ, ఒక సంతకం ముద్రా ఉన్నాయి. ఆయన అంతా విని, కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, పొట్ట కదిలేలా నవ్వాడు.

"కంచే చేను మేసిందన్నమాట!"

"మేసింది బాబూ. రుచిగా కూడా ఉంది."

"సరే, రివాజు నీకు నేను చెప్పాలా? దండ గుచ్చుకో. కానీ వెనకాల నడవడానికి కావలివాడేడీ?"

"నేనే ముందు, నేనే వెనక," అన్నాడు ఒబేద్. రాజుగారు మళ్లీ నవ్వారు.

ఇంట్లో దాచిన లోలా గుల్లలు తీస్తే రెండు దండలయ్యాయి. రెండూ వేసుకున్నాడు. నేలి తలుపేసుకుని లోపలే ఉండిపోయింది. ఒబేద్ డప్పు అందుకున్నాడు. మొదటి రెండు గడపల దగ్గర నేల చూస్తూ గొణిగాడు. మూడో గడప దగ్గర ఒక ముసలాయన ఫక్కున నవ్వాడు. ఆ నవ్వు వినగానే ఒబేద్‌కి ప్రాణం లేచొచ్చింది. తెలిసిన దారే కదా.

"వినండహో!" అని డప్పు మోగించాడు. "గోపురంతో పాటు హద్దూ జరిగిందని చూడకుండా రెండేళ్లు సముద్రాన్ని కాసింది ఈ కళ్లే! రెండేళ్లు సముద్రాన్ని తిన్నది ఈ నోరే! రెంటికీ మధ్య దూరం ఒక్క ముక్కే, అయినా దీని సంగతి దానికి తెలీలేదు!"

నవ్వులు. ఆడవాళ్లు వాకిళ్లలోకి వచ్చారు.

"దొంగల్ని పట్టమని నన్ను పెట్టారు. పట్టాను! ఇదిగో, తీసుకొచ్చి మీకే చూపిస్తున్నా!"

"తాబేళ్లు నయం రా ఒబేదూ, అవి జీతం పుచ్చుకోకుండా తిన్నాయి!" అని ఎవరో అరిచారు.

"వాటికి నేనే నేర్పాను మావా!"

సగం ఊరు వెనకాల నడుస్తోంది. పోటుకి ఎదురెళ్లి చేపలు తెచ్చినవాడిలా ఒబేద్ ఛాతీ విరుచుకుని నడిచాడు. శిక్ష ఇంత సుఖంగా ఉంటుందని అతను అనుకోలేదు. చివరి ఇల్లు యొసీనాది. ఆవిడ గడప మీద కూర్చుని బాదంలాంటి కెనారి కాయలు రాతి మీద పెట్టి కొడుతోంది. ఒబేద్ తన కళ్లూ నోరూ పాట మళ్లీ ఎత్తుకున్నాడు. అందరూ నవ్వారు. ఆవిడ ఒక కాయ పగలగొట్టి, పప్పు తీసి గిన్నెలో వేసి, ఇంకో కాయ పెట్టింది.

"అయిందా?" అంది.

"అయిందొదినా. క్షమించు."

"నేను తిరిగినప్పుడు ఇంతమంది వెనకాల నడిచారా?"

ఒబేద్ డప్పు కిందికి దించాడు.

"నవ్వారా ఎవరైనా?"

"లేదు."

"మరి నువ్వు తిరిగింది నా మీద పడ్డ మచ్చ తుడవడానికా, నీ కథల్లో ఇంకోటి కలుపుకోడానికా?" ఆవిడ గొంతు పెంచలేదు. "పొద్దున్నుంచి వింటన్నా. ఒబేద్ కళ్లన్నావు, ఒబేద్ నోరన్నావు, ఒబేద్ తాబేళ్లన్నావు. నలభై గడపల్లో యొసీనా లోపల తియ్యలేదని ఒక్క గడప దగ్గరన్నా అన్నావా?"

గుంపులో నవ్వు ఎవరో చేత్తో నొక్కేసినట్టు ఆగిపోయింది. ఒబేద్ నోట్లో ఒక హాస్యం మాట తయారుగా ఉంది, ఎప్పుడూ ఉంటుంది. దాన్ని మింగడం అతనికి తెలీదు. మొదటిసారి మింగాడు. గొంతులో ముల్లు దిగినట్టు దిగింది. తను సిగ్గు పడాల్సిన చోటల్లా జనాన్ని నవ్వించి తప్పించుకుంటూ ఏభై రెండేళ్లు గడిపేశానని, ఆ నడి వీధిలో రెండు దండల బరువుతో నిలబడి, అతనికి తెలిసొచ్చింది.

"మా ఆయన పోయేముందు అడిగాడు," అంది యొసీనా. "నిజంగా లోపల తీశావా అని. నలభై ఏళ్లు ఆ హద్దు తప్పని మనిషి. లేదన్నాను. మంచం మీద పడ్డోడికి గోపురం మారిందని ఎవరు చెప్తారు? నమ్మాడో లేదో నాకు తెలీదు. అడగడానికి లేడు."

ఒబేద్ వెనక్కి తిరిగాడు. మొదటి గడప దగ్గరికి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి డప్పు మూడు దెబ్బలే, మాట ఒకటే. "యొసీనా సాసి తప్పలేదు. హద్దు తప్పు పట్టింది నేను." ఇంకో గడప. అదే మాట. తాబేళ్ల మాట అన్న మనిషి తల దించుకున్నాడు. గుంపు ఒకరొకరుగా ఆగిపోయింది. తన ఇంటి ముందుకి వచ్చేసరికి నేలి తలుపు తీసుకుని బయటికొచ్చింది. అతని మెడలోంచి ఒక దండ తీసి తన మెడలో వేసుకుని వెనకాల నడిచింది.

నలభయ్యో గడప దగ్గర యొసీనా ఇంకా కాయలు కొడుతూనే ఉంది. ఒబేద్ డప్పు మూడు దెబ్బలు వేసి చెప్పాడు. గొంతు బొంగురుపోయి, మాట గాలిలా వచ్చింది.

ఆవిడ రాయి పక్కన పెట్టి లేచింది. ఇంటి పక్కన, అరటి చెట్ల అవతల, తెల్ల పలకలు అతికించిన మార్కుస్ సమాధి వైపు చెయ్యి చూపించింది.

"అక్కడికెళ్లి చెప్పు. గట్టిగా చెప్పు. ఆయనకి చెవుడు."