గోలెంలో పురిటాలు

శనివారం ఉదయం ఆరున్నరకు బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఇంటికి తాళం వేసి, సెంట్రల్ స్టేషన్‌లో రైలెక్కాను. బస్టాండుకు పావుగంట. అక్కడ ఏడున్నరకు తెలుక్ ఇంటాన్ బస్సు. టికెట్ ఇరవై రింగిట్ల పైచిలుకు. ముందురోజే కొనుక్కోవడం మంచిది. వారాంతాల్లో కిటికీ పక్క సీట్లు దొరకవు.

నన్ను బయలుదేరదీసింది అప్పలరాజు. క్లాంగ్‌లో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. వాళ్ళ ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి ఈ మలయ్ దేశానికి తోటపనికి వచ్చాడు. ఆదివారాలు మా వీధి టిఫిన్ కొట్లో ఇద్దరం ఎదురెదురుగా కూర్చుంటాం. వాళ్ళమ్మ పెరట్లో నీళ్ళ గోలెంలో హార్న్‌బిల్ గూడు కట్టిందని ఆయన చెబితే నేను నమ్మలేదు. ఆ పక్షి అడవుల్లో, పెద్ద చెట్ల తొర్రల్లో ఉంటుందని చదివాను. ఆడది తొర్రలోకి దూరి మట్టితో ద్వారం మూసుకుంటుంది. సన్నటి చీలిక ఒక్కటే మిగులుతుంది. మగది నెలల తరబడి ఆ చీలికలోంచే మేత అందిస్తుంది.

"చెట్లన్నీ కొట్టేసి పామాయిలు తోటలు ఏసినారు. తొర్రలెక్కడున్నాయండీ? మాయమ్మ గోలెమే దిక్కయింది," అన్నాడు అప్పలరాజు. "నమ్మకపోతే వచ్చి సూడండి లా!" మాట చివర 'లా' చేర్చడం ఇక్కడివాళ్ళ అలవాటు.

నా భార్య సుజాత పోయి తొమ్మిది నెలలు. ఈ మధ్య మా ఆఫీసు తెలుగువాళ్ళ ఇళ్ళలో ఒక గృహప్రవేశం, ఒక అన్నప్రాశన జరిగాయి. ఏడాది తిరగలేదని నన్ను పిలవలేదు. తప్పు పట్టను. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ అంతే చేసేవాణ్ణి. పక్షుల దగ్గరికి వెళ్ళడానికి పిలుపు అక్కర్లేదు కదా అనుకున్నాను.

అప్పలరాజు బస్టాండులో కలిశాడు. బస్సులో మా ముందు సీటు మలయ్ పెద్దాయన నా మెడలోని బైనాక్యులర్స్ చూసి, "ఎంగాంగ్ కోసమా?" అని నవ్వాడు. హార్న్‌బిల్‌కు ఇక్కడి పేరు అది. "దానికి అద్దాలెందుకు? అదే వచ్చి నిన్ను చూస్తుంది," అన్నాడు.

పదిన్నరకు తెలుక్ ఇంటాన్‌లో దిగి, మార్కెట్ దగ్గర ఇడియప్పం తిని, ట్యాక్సీ మాట్లాడుకున్నాం. దారికి రెండువైపులా పామాయిలు తోటలు, మధ్యలో నీటి కాలువలు. ఒక కాలువ గట్టు మీద పెద్ద లకుముకిపిట్ట కనిపించింది. ఎర్రటి ముక్కు, నారింజరంగు పొట్ట, నీలి రెక్కలు. ట్యాక్సీ ఆపించి చూశాను. అప్పలరాజు అప్పుడు గొంతు తగ్గించాడు.

"ఒక మాటండీ. మాయమ్మకి ఆ గోలెం ఇప్పుడు పురిటిగది. రేడియో ఎట్టనివ్వదు. కుక్కని మా బాబాయి ఇంటికి తోలేసింది. మొన్న ఆ మగపిట్ట బొప్పాయిముక్క తెస్తే, 'కడుపుతో ఉన్నదానికి బొప్పాయేట్రా ఎదవా!' అని సీపురు తీసుకుని ఎల్లింది. మీ ఇంట్లో ఏటైనా మైలుందా అని అడుగుద్ది. ఏటీ సెప్పకండి."

గేటు దగ్గరే సింహాచలమ్మగారు ఎదురొచ్చారు. డెబ్బై దాటిన మనిషి, పొట్టిగా, తడి చేతులతో.

"ఎవుల్రా ఈ బావు?"

"నేను సెప్పలేదేటి, పిట్టల్ని సూసే బావు."

"మంచిది. ఏటీ అనుకోకు బావూ, అందర్నీ అడుగుతాను. మీ ఇంట్లో మైలేటైనా ఉందా?"

అప్పలరాజు నా చెయ్యి గిల్లాడు. ఒక పక్షి కోసం సుజాత చనిపోలేదని చెప్పడం నావల్ల కాలేదు.

"మా ఆవిడ పోయి తొమ్మిది నెలలైందండి."

"సెప్పొద్దన్నాను గదా లా!" అని అప్పలరాజు తల కొట్టుకున్నాడు.

ఆవిడ తడి చేతులు కొంగుకు తుడుచుకున్నారు. "అయ్యో, సిన్నమనిషివి," అన్నారు. "లోన పురిటాలుంది బావూ. నువ్వు గేటు బయటే కూకోవాల. అన్నం అక్కడికే అంపుతాను."

రంబుతాన్ చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీ వేశారు. అన్నం, చేపల పులుసు, వేయించిన పొట్లకాయ వచ్చాయి. పులుసు చాలా బాగుంది. గోలెం ఇంటి వెనక, నాకు కనబడదు. మగపక్షి గంటకోసారి వస్తుందని అప్పలరాజు చెప్పాడు. పన్నెండయింది, ఒంటిగంటయింది, రెండయింది. రాలేదు. ఆవిడ రెండుసార్లు ఇంటి పక్కకు వచ్చి ఆకాశం వైపు, తర్వాత నా వైపు చూశారు. లోపల ఉన్నదానికి వేరే దారి లేదని నాకూ తెలుసు. నా వల్లే రావడం లేదా అన్న ఆలోచన, తెలివితక్కువదే అయినా, వచ్చింది. లేచి రోడ్డు మీదికి పోదామా అనుకున్నాను.

రెండున్నర ప్రాంతంలో తలమీద ఎవరో చాప దులిపినట్టు చప్పుడైంది. నల్లటి రెక్కలు, తెల్లటి పొట్ట, పసుపుపచ్చ ముక్కు మీద ఇంకో ముక్కు పెట్టినట్టు పెద్ద కొమ్ము. అది నా కుర్చీకి మూరెడు దూరంలో గేటు స్తంభం మీద వాలింది. ఎర్రటి కన్ను నా మీదే ఉంది. బైనాక్యులర్స్ ఒళ్ళోనే ఉండిపోయాయి. మెడ సాచి, గొంతులోంచి ఒక అడవి అత్తిపండు ముక్కు కొసకు తెచ్చుకుని, ఇంటి కప్పు మీదుగా ఎగిరిపోయింది.

వెనకనుంచి సింహాచలమ్మగారి కేక వినిపించింది. "ఇప్పుడా రావడం? ఎక్కడ తిరిగినావురా? దానికి ఆకలెయ్యదేటి?"

కాసేపటికి ఆవిడ గేటు దాకా వచ్చి, గొళ్ళెం తీశారు.

"ఆడు నీకాడ కూకుని, నేరుగా ఎల్లి పెళ్ళాం నోట్లో ఎట్టినాడు. మొగుడికి లేని మైల నాకేటి? కాళ్ళు కడుక్కుని రా బావూ."

గోలెం పాత ఇటుకల అరుగు మీద పక్కకు ఒరిగి ఉంది. మూతి నిండా ఎండిన మట్టి. మధ్యలో వేలి వెడల్పు చీలిక. అందులోంచి పసుపుపచ్చ ముక్కు కొస బయటికి వచ్చింది. మగపక్షి ఒక్కో పండూ అందించింది. ఏడు పండ్లు. సుజాతకు ఆఖరి రెండు నెలలు నేను చెంచాతో తినిపించాను. పోలిక చెప్పను. మేము నలభై నిమిషాలు అక్కడే నిలబడి చూశాం. ఒక్కసారి మాత్రం లోపలినుంచి సన్నటి కీచుమన్న శబ్దం వచ్చింది.

"పిల్లలమ్మా!" అన్నాడు అప్పలరాజు.

"గట్టిగా అరవకురా!" అని ఆవిడ అప్పలరాజు కంటే గట్టిగా అరిచారు.

వెళ్ళదలచినవారు జనవరి నుంచి ఏప్రిల్ లోపు వెళ్ళాలి. ఈ ప్రాంతంలో ఎవరినడిగినా ఎంగాంగ్ ఎక్కడ వాలుతుందో చెబుతారు. గూటికి దూరంగా ఉండండి. నెమ్మదిగా మాట్లాడండి. పెద్ద చెట్టు ఒక్కటి మిగిలితే ఆ పక్షి తన సంగతి తనే చూసుకుంటుంది. మిగలనిచోట సింహాచలమ్మగారి వంటివాళ్ళు కావాలి.

తిరుగు బస్సు ఐదున్నరకు. కిటికీ పక్క సీటు దొరికింది. తోటల మీద ఎండ పచ్చబడుతుంటే ఒళ్ళో పొట్లం విప్పాను. ఆవిడ కట్టిచ్చిన అరిసెలు. పొట్లం చేతిలో పెడుతూ ఆవిడ అన్న మాట గుర్తొచ్చింది.

"పిల్లలు బయటికొచ్చినరోజు పురుడు సేత్తాను. కబురెడతాను. రాకపోతే ఊరుకోను బావూ."

తొమ్మిది నెలల్లో నాకందిన మొదటి శుభకార్యం పిలుపు అది. వెళ్తాను.