కాళ్ళు ఊడదీయని బీరువా

ఇళ్ళ సామాను ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చడం నా పని. నాకో చిన్న లారీ, కొన్ని మోకులు, ఒక కట్ట పాత దుప్పట్లు, బరువు మోయడానికి ఒక జతగాడు ఉన్నారు. వాణ్ణి అందరూ గునపం అంటారు. నోట్లోంచి మాట ఊడిపడితే గొప్ప. మేమిద్దరం పియానోలు దించాం, డబుల్ కాట్ మంచాలు ఎక్కించాం, ఒకసారి చేపలతో సహా గాజుతొట్టె మోశాం. ఇన్నేళ్ళలో మా చేతుల్లో ఏ సామానూ ఏ మెట్ల మీదా ఇరుక్కోలేదు. ఒక్క బీరువా తప్ప. దాని సంగతి నేనే చెప్పేస్తాను, లేకపోతే జనం తలా ఒక చెయ్యి వేసి పెంచేస్తారు.

బీరువా మా చెల్లెలిది. నిలువెత్తు చెక్క బీరువా, పొట్టి కాళ్ళ మీద నిలబడి ఉంటుంది. చెల్లెలి కూతురు చంటిపిల్లగా ఉన్నప్పుడు పాలు తాగుతూ జుమ్మని రాగం తీసేది. నేను తుమ్మెద అన్నాను, అదే పేరైపోయింది. ఇప్పుడు తుమ్మెద మందుల షాపులో పనిచేస్తోంది. జీతం కూడబెట్టి ఎవరో వాడేసిన బేస్ గిటార్ ఒకటి కొనుక్కుంది. అది మామూలు గిటార్ కంటే పొడుగు. తీగలు నాలుగే కానీ ఒక్కొక్కటీ లావు. యాంప్ అనే కరెంటు పెట్టెకి తగిలిస్తే గదంతా దద్దరిల్లుతుంది, తగిలించకపోతే పక్కన కూర్చున్నవాడికి కూడా సరిగ్గా వినపడదు. ఆ పెట్టె మాత్రం ఆ ఇంటి గడప తొక్కడానికి వీల్లేదు. మా బావగారు తెల్లవారుజామున మొదటి బస్సు నడుపుతారు, అందరూ టీవీ ముందు చేరే వేళకి ఆయన దుప్పటి ముసుగేస్తారు.

ఒకరోజు తుమ్మెద మంచం మీద నుంచి లేవబోతుంటే గిటార్ కొస బీరువాకి తగిలింది. అంతే, తీగల మోత బీరువా కడుపులోంచి గుమ్మని పలికింది. పిల్ల కాసేపు నోరు వెళ్ళబెట్టి, మళ్ళీ తగిలించి చూసింది. మళ్ళీ గుమ్మంది. ఆ రోజు నుంచీ దాని వరస అదే. ఎడమ భుజం బీరువాకి ఆనించి, గిటార్ కొసని చెక్కకి నొక్కిపెట్టి, కళ్ళు మూసుకుని వాయించడం. లోపల చీరల హ్యాంగర్లు ఊగుతూ టకటకమనేవి. మా చెల్లెలు మొదట్లో గొణిగింది. గోడకి అవతల పడుకునే బావగారు మాత్రం గొణగలేదు సరికదా, ఆ మోతకి హాయిగా గురకపెట్టడం మొదలుపెట్టారు. పిల్ల వాయించని రోజున పక్క మీద దొర్లేవారట.

అంత వరకూ బాగానే ఉంది. ఒంటరిగా బేస్ వాయించేవాళ్ళు ఎంత బాగా వాయించినా సగం పాటే కదా, దానికి బ్యాండ్ కావాలి. మొదటి బ్యాండ్ వాళ్ళు సొంత యాంప్ ఉందా అని అడిగారు, లేదంటే సరే మళ్ళీ చూద్దాం అన్నారు. రెండో బ్యాండ్ దగ్గర యాంప్ ఉంది. తుమ్మెద తీగ మీటగానే శబ్దం గదికి ఆ చివర నుంచి వచ్చి మీద పడింది. పిల్ల బిక్కచచ్చిపోయింది, వేళ్ళు కొయ్యబారిపోయాయి. ఆ చప్పుడు నాది కాదనిపించింది మామయ్యా, ఎవరో పరాయివాళ్ళు వాయిస్తున్నట్టుంది, అని నాతో చెప్పింది. ఫోన్ చేస్తామన్నారు వాళ్ళు. పాపం, ఫోన్ దిండు కింద పెట్టుకుని పడుకునేది. అది మోగితే ఒట్టు.

మూడో కబురు ఒక ముగ్గురి బ్యాండ్ నుంచి వచ్చింది. పాట పాడే అమ్మాయి, గిటార్ కుర్రాడు, డ్రమ్స్ కుర్రాడు. టైర్ల షాపు పైన రెండో అంతస్తులో వాళ్ళ గది. ఆదివారం రమ్మన్నారు. మా తుమ్మెద వెళ్ళనని మొండికేసింది. అక్కడ కూడా వేళ్ళు బిగుసుకుపోతే ఇక గిటార్ ముట్టనంది. అమ్మకానికి పెట్టడానికి దానికి ఫోటో కూడా తీసి ఉంచింది. ఆ ఫోటో చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది. ఎప్పుడైనా గిటార్‌కి అంత వెలుతురులో, అంత శుభ్రంగా, తుడిచి మరీ ఫోటో తీస్తారా? ఇన్ని మాటలెందుకు, అక్కడ లేనిదీ ఇక్కడ ఉన్నదీ ఏమిటని నిలదీశాను.

"బీరువా" అంది.

నవ్వి నవ్వి పొట్ట చెక్కలైంది నాకు. కళ్ళు తుడుచుకుంటుంటే ఆలోచన తట్టింది. బీరువాని ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చడం ఎవరి పని? నవ్వు ఆపేసి కొలిచే టేపు తీశాను.

మా చెల్లెలు నాకు మతి పోయిందని తేల్చేసింది. తేల్చేస్తూనే చీరలన్నీ తీసి మంచం మీద గుట్టపోసింది, మా ఇంటి ఆడవాళ్ళ కోపం అలాగే ఉంటుంది. బావగారు సాయంత్రానికల్లా బీరువా తిరిగొస్తుందా అని మాత్రం అడిగారు. గునపం ఎప్పటిలాగే ఏమీ అడగలేదు.

మా పనిలో ఒక నియమం ఉంది. బీరువా కదిలేముందు దాని కాళ్ళు ఊడదీయాలి. నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని కింద కూర్చోగానే తుమ్మెద వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"కాళ్ళు ఊడదియ్యకు మామయ్యా. దాని గొంతు మారిపోతుంది."

పెద్దపెద్ద బంగళాల వాళ్ళు బతిమాలినా నేను ఆ నియమం తప్పలేదు. ఆ పిల్ల మొహం చూసి స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాను.

లారీ వెనకాల బీరువా నిలబడింది, బీరువాకి ఆనుకుని తుమ్మెద నిలబడింది, తుమ్మెద పడిపోకుండా గునపం నిలబడ్డాడు. చేతులు చల్లబడతాయని దారంతా వాయిస్తూనే ఉంది. సిగ్నల్ దగ్గర ఆగితే పక్క స్కూటర్ మీద పెద్దాయన తన ఇంజన్ పాడైందనుకుని కిందకి వంగి చూశాడు. కూరల బండి దగ్గర ఆడవాళ్ళు అటూ ఇటూ వెతికారు. నాకు ఎందుకో పండగలా ఉంది, స్టీరింగ్ మీద దరువేసుకుంటూ నడిపాను.

టైర్ల షాపు దగ్గర దించి, మెట్లెక్కిస్తూ మొదటి అంతస్తు దాటాం. ఆ పై మలుపులో ఆగిపోయాం. పైకి రాదు, కిందకి పోదు. ఆ పొట్టి కాళ్ళలో రెండు మెట్ల రెయిలింగ్‌లో కొక్కేలేసినట్టు పట్టుకున్నాయి. నేను బీరువాకీ గోడకీ మధ్య, గునపం కింద, తుమ్మెద వాడి వెనకాల. బ్యాండ్ వాళ్ళు ముగ్గురూ గదిలోంచి తొంగిచూసి గుడ్లు తేలేశారు. పాడే అమ్మాయికి ఇంకోచోట పని ఉందట, ఫోన్‌లో ఎవరికో నేను రాలేనండీ మెట్ల మీద బీరువా ఉంది అని చెబుతోంది, అవతలి వాళ్ళు నమ్మడం లేదు. టైర్ల షాపాయన వచ్చి ఏటవాలుగా తిప్పమన్నాడు, ఎదురింటావిడ నిటారుగా ఎత్తమంది. నాకు సలహా చెబుతారా, నాకు! అందరి మీదా విరుచుకుపడ్డాను. చెమటతో చొక్కా తడిసి ముద్దయింది. అప్పుడు తుమ్మెద వంక చూశాను. పెదవి కొరుక్కుంటోంది. కొంప మునిగింది, పిల్ల ఏడ్చేస్తుందనుకున్నాను.

ఏడవలేదు. ఫక్కున నవ్వింది. నవ్వు ఆగక గోడ పట్టుకుంది. నవ్వుతూనే గునపాన్ని పక్కకి జరగమని, భుజం బీరువాకి ఆనించి, కొస నొక్కిపెట్టి మీటింది.

ఇంట్లో విన్నది వేరు, ఇది వేరు. బీరువా ఖాళీ, మెట్ల గది కింద నుంచి పై దాకా ఖాళీ. ఆ మోత నా వీపులోంచి దూరి పళ్ళలోకి వచ్చింది. ఎదురింటావిడ సలహా మధ్యలో ఆపేసింది. పైన డ్రమ్స్ కుర్రాడు మెట్టు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, బీరువా నెత్తిన అరచేతులతో దరువందుకున్నాడు. పాడే అమ్మాయి ఫోన్ కట్ చేయకుండానే గొంతు కలిపింది. ఇక అవతలి వాళ్ళు నమ్మే ఉంటారు. బీరువా మాటున ఒకళ్ళ మొహాలొకళ్ళకి కనపడకపోయినా ఎక్కడ ఆగాలో అక్కడే ముగ్గురూ ఆగారు.

"బాగుంది" అన్నాడు గునపం. ఆ వారమంతా వాడు మాట్లాడింది అదొక్కటే.

టైర్ల షాపాయన పరుగున పానా తెచ్చి రెయిలింగ్ నట్లు విప్పాడు. పైనుంచి బ్యాండ్, కింద నుంచి మేము, హైలెస్సా అని బీరువాని గదిలో పడేశాం. తుమ్మెదని తీసుకుంటున్నామని వాళ్ళు ఒకేసారి చెప్పారు. అయితే గిటార్ కుర్రాడు తల గోక్కుంటూ, మా ప్రోగ్రాముకి వెయ్యి మంది వస్తారండీ, అక్కడ యాంప్ లేకపోతే కుదరదు, అన్నాడు. యాంప్ వైరు తెచ్చి పిల్ల చేతిలో పెట్టాడు.

పిల్ల ఆ వైరుని గిటార్‌కి తగిలించింది. బీరువాని కరుచుకుని నిలబడి మీటింది. గది దద్దరిల్లింది. పిల్ల ఉలిక్కిపడి నా వంక చూసింది. నేను చెయ్యగలిగిందేమీ లేదు, తల ఊపాను. కళ్ళు మూసుకుని మళ్ళీ మీటింది. డ్రమ్స్ అందుకున్నాయి, పాట లేచింది. పాట సగంలో ఉండగా నాకు దాని భుజానికీ బీరువాకీ మధ్య సందు కనపడింది. సందులు చూడటమే కదా నా బతుకంతా. మొదట బెత్తెడు. తర్వాత జానెడు. చివరికి వచ్చేసరికి పిల్ల గది మధ్యలో, డ్రమ్స్ కుర్రాడి ముందు నిలబడి ఊగిపోతోంది. దానికి ఆ సంగతి తెలియదు. చెబితే ఎక్కడ మళ్ళీ వెనక్కి పోతుందోనని నోరు నొక్కుకుని నిలబడ్డాను, కళ్ళ నీళ్ళు మాత్రం నొక్కితే ఆగలేదు.

పాట అయ్యాక కళ్ళు తెరిచి, తను ఎక్కడుందో చూసుకుంది. ఎంతో దూరాన ఉన్న బీరువాని చూసింది. కేరింతలు కొడుతూ వచ్చి నా మెడకి వేళ్ళాడింది. నేను దాన్ని గిర్రున తిప్పాను, నా నడుము ఆ రోజు పని మొత్తానికి అప్పుడు పట్టేసింది.

బీరువా ఇక్కడే ఉంచుకోండి, గదికి కళ వచ్చింది అన్నాడు డ్రమ్స్ కుర్రాడు. తుమ్మెద తల అడ్డంగా ఊపింది.

"వద్దులే. అది ఇంట్లో లేకపోతే నాన్నకి నిద్ర పట్టదు" అంది. నా జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి నా చేతిలో పెట్టింది. "ఇప్పుడు కాళ్ళు ఊడదీసుకో మామయ్యా."